మూగబోయిన సైరన్: పాత కారులో తెగిపోయిన అలారాన్ని తిరిగి పనిచేయించడం ఎలా?

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు ఫోన్ చేసినప్పుడు, "సార్, నాకు కవితలు రావు, వైర్లు కలపడం ఒక్కటే వచ్చు" అన్నాను. "అయితే అదే రాయవయ్యా, టెన్త్ పిల్లలకు కరెంటు పాఠం ఉందిగా" అన్నారు. కావున ఈ వ్యాసం. తప్పులుంటే అవి నావి, సైన్సు మాస్టారివి కావు.

నేను జి.కొండూరు హాస్టల్లో ఉండి పదవ తరగతి పూర్తి చేసి, ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియన్ ట్రేడు చదివి, విజయవాడ ఆటోనగర్‌లో ఒక సెల్ఫ్-డైనమో షాపులో ఐదేళ్ళు పని నేర్చుకున్నాను. ఇప్పుడు ఇబ్రహీంపట్నం నుంచి మైలవరం, తిరువూరు వెళ్ళే రోడ్డు పక్కన చిన్న షాపు పెట్టుకుని బతుకుతున్నాను. 2022 నుంచి మనది ఎన్టీఆర్ జిల్లా అయినా నా నోటికి ఇంకా కృష్ణా జిల్లా అనే వస్తుంది. అన్నట్టు, మేము "సెల్ఫ్" అనే మాట సెల్ఫ్ స్టార్టర్‌కు ముద్దుపేరు. ఛార్లెస్ కెటరింగ్ అనే అమెరికా ఇంజనీరు చేసిన ఎలక్ట్రిక్ స్టార్టరు 1912లో కాడిలాక్ కార్లలో వచ్చింది. అంతకుముందు ముందువైపు హ్యాండిల్ పెట్టి తిప్పి ఇంజను లేపాల్సిందే. ఆ హ్యాండిల్ వెనక్కి తన్ని చేతులు విరిగినవాళ్ళు ఎందరో. కారులో పెద్ద బ్యాటరీ అవసరమయింది ఆ స్టార్టరుతోనే. బ్యాటరీ ఉన్నది గనుకనే ఈ రోజు సైరన్ గురించి మాట్లాడుకుంటున్నాం.

ఇక అసలు సంగతి. మన హాస్టల్లోనే నా తరువాత రెండేళ్ళకు చదివిన తమ్ముడొకడు పెళ్ళిళ్ళకు ఫోటోలు, వీడియోలు తీస్తాడు. జగ్గయ్యపేట, నందిగామ, కంచికచర్ల వైపు ముహూర్తాలున్నాయంటే నెల రోజులు ఇంట్లో ఉండడు. కెమెరాలు బండి మీద మోయలేక, అప్పు చేసి ఏపీ 16 నంబరు పాత కారొకటి కొన్నాడు. కొన్న పది రోజులకే నా షాపుకి తెచ్చాడు. "అన్నా, ఒక్కోసారి తాళం తిప్పితే టక్ అని కూడా అనదు. మళ్ళీ తిప్పితే స్టార్టవుద్ది" అన్నాడు. స్టీరింగు కింద మూత విప్పి చూశాను. స్టార్టరుకు వెళ్ళే వైరును ఎవరో మధ్యలో తుంచి, మళ్ళీ చేత్తో మెలిపెట్టి టేపు చుట్టారు. ఎండకు టేపు జిగురు కరిగి మెలిక వదులైంది. దాన్ని గట్టిగా కలిపి ఇచ్చాను. ఆ పక్కనే ఒక ప్లగ్గు, కత్తిరించిన వైర్లతో వేలాడుతూ కనిపించింది. అది అలారం ప్లగ్గు. "దీన్ని తీసేశార్రా, తరువాత ఎప్పుడైనా చూద్దాం" అన్నాను. వాడూ సరేనన్నాడు. నాకు అప్పటికి రెండు ట్రాక్టర్లు బయట ఎదురు చూస్తున్నాయి.

ఆ "తరువాత" రాకముందే నందిగామలో ఒక పెళ్ళి జరిగింది. ఫంక్షన్ హాలు లోపల స్థలం లేక తమ్ముడు కారును రోడ్డుకు అవతల చెట్టు కింద పెట్టాడు. జీలకర్ర బెల్లం, తలంబ్రాలు అయ్యాక నిండిన మెమరీ కార్డులు తీసి సంచిలో పెట్టి, సంచి కారులో పెట్టి, భోజనాల ఫోటోలకు లోపలికి వెళ్ళాడు. పావుగంటలో తిరిగి వచ్చేసరికి వెనుక తలుపు అద్దం పగిలి ఉంది, సంచి లేదు. లెన్సు పోయింది, దాని అప్పు మిగిలింది. అంతకన్నా పెళ్ళి పోయింది. పెళ్ళికూతురు నాన్నగారు కోప్పడలేదట, డబ్బులు వెనక్కి అడగలేదట. "మా అమ్మ ఫోటోలు కూడా అందులోనేనా బాబూ?" అని మాత్రం అడిగారట. ఆ పెద్దావిడను మంచం మీద నుంచి లేపి, కుర్చీలో మోసుకొచ్చి మరీ ఆ పెళ్ళికి తెచ్చారు.

పోలీసు ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకుని, మర్నాడు కారుతో నేరుగా నా దగ్గరికి వచ్చాడు. నన్ను ఒక్క మాట అనలేదు. నేనే షట్టరు సగం దించి, ఆ రోజు వేరే పని పెట్టుకోకుండా కూర్చున్నాను. అలారం దొంగ చేతిని పట్టుకోదు, నిజమే. అద్దం పగలగానే సైరన్ మోగి ఉంటే, రోడ్డుకు ఇవతల టీ తాగుతున్న డ్రైవర్లలో ఒక్కడైనా తల తిప్పేవాడు. దొంగకు కావలసిన పావుగంట దొరికేది కాదు.

ముందుగా ఎందుకు తీసేశారో తెలుసుకోవాలి

ఇక్కడ చాలామంది కుర్రాళ్ళు చేసే పొరపాటు, తెగిన వైర్లను గబగబా కలిపేయడం. ఎవరూ డబ్బు పెట్టి బిగించుకున్న వస్తువును ఊరికే తీసేయరు. కనుక పాత యజమానికి ఫోన్ చేయించాను. ఆయన మొహమాటంగా, "తెల్లవారుజామున ఊరికే అరిచేదండీ. పక్కింటివాళ్ళతో మాట పడలేక కత్తిరించేయించాను" అన్నారు. మీకు "నాన్నా పులి" కథ తెలుసుగా. కారణం లేకుండా పదిసార్లు అరిచిన సైరన్‌ను పదకొండోసారి ఎవరూ పట్టించుకోరు, పన్నెండోసారి యజమానే గొంతు కోసేస్తాడు. ఇది మన ఊరి గొడవ ఒక్కటే కాదు. న్యూయార్క్ నగరంలో కారు అలారం మూడు నిమిషాల్లో తనంతట తాను ఆగిపోవాలని నిబంధన పెట్టాల్సి వచ్చింది. కావున మన ముందున్న పని రెండు భాగాలు. అలారాన్ని బతికించాలి, దాని అబద్ధపు అరుపులు మాన్పించాలి. రెండోది చేయకుండా మొదటిది చేస్తే నెల తిరగకముందే మళ్ళీ కత్తెర పడుతుంది.

అలారంలో ఏముంటుంది?

బయట బిగించే అలారానికి ఒక చిన్న నల్ల డబ్బా ఉంటుంది. అది మెదడు. స్టీరింగు కిందనో, గ్లవ్ బాక్సు వెనకనో దాస్తారు. బానెట్ లోపల సైరన్ ఉంటుంది. డ్యాష్ బోర్డు మీద మిణుకుమిణుకుమనే ఎర్ర లైటు. తలుపులకు, బానెట్‌కు నొక్కుడు స్విచ్చులు. దెబ్బ తగిలితే కనిపెట్టే షాక్ సెన్సర్. స్టార్టరును ఆపే రిలే. ఇండికేటర్లకు రెండు వైర్లు. జేబులో రిమోటు. కంపెనీ నుంచే వచ్చే ఇమ్మొబిలైజర్ వేరే సంగతి. దానికి తాళంచెవిలోనే చిప్పు ఉంటుంది, ఆ చిప్పును గుర్తించకపోతే ఇంజను లేవదు. దాని జోలికి ఈ పాఠం పట్టుకుని వెళ్ళవద్దు. అలాగే పసుపు తొడుగు ఉన్న వైర్లు ఎయిర్ బ్యాగువి. వాటిని ముట్టుకోకూడదు, టెస్ట్ లాంపు అసలే పెట్టకూడదు.

టెస్ట్ లాంపు అంటే రెండు వైర్ల మధ్య బల్బు. మా షాపుల్లో అందరి చేతిలో ఉంటుంది, బల్బు, ఫ్యూజు చూడటానికి బాగానే ఉంటుంది. కానీ 5 వాట్ల బల్బు 12 వోల్టుల దగ్గర 5÷12, అనగా సుమారు 0.4 ఆంపియర్లు లాగుతుంది. కంప్యూటరు డబ్బాలకు వెళ్ళే సన్న వైర్లకు అంత కరెంటు లాగితే అవి పాడవుతాయి. డిజిటల్ మీటరు దాదాపు ఏమీ లాగదు. ఓమ్ నియమం పరీక్షలో రెండు మార్కులకే అనుకున్నాను నేను. అది తెలియక పాడుచేసే డబ్బా ఖరీదు ఎంతో ఆటోనగర్‌లో తెలిసింది.

పని మొదలు

మొదట బ్యాటరీ. ఇంజను ఆపి కొంతసేపయ్యాక మీటరు పెడితే నిండు బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపాలి. 12 కంటే తక్కువంటే అది అలసిపోయినట్టు. ఇంజను నడుస్తుండగా 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. బ్యాటరీ బాగాలేకుండా అలారం చూడటం, ఆకలితో ఉన్నవాడిని పరుగు పందేనికి పిలవడం వంటిది. తమ్ముడి బ్యాటరీ 12.5 చూపింది, ఫరవాలేదు.

వైర్లు ముట్టుకునే ముందు బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ తీయాలి. ముందు నెగెటివే ఎందుకు? కారు ఒళ్ళంతా నెగెటివే కనుక. పాజిటివ్ విప్పేటప్పుడు పానా పొరపాటున బాడీకి తగిలితే నేరుగా షార్టు, నిప్పురవ్వలు. నెగెటివ్ ముందు తీసేస్తే తగిలినా వలయం పూర్తికాదు. మళ్ళీ పెట్టేటప్పుడు నెగెటివ్ చివర పెట్టాలి.

తరువాత సైరన్‌ను విడిగా పరీక్షించాలి. దాని రెండు వైర్లు విప్పి, ఎర్రది ఫ్యూజు ద్వారా బ్యాటరీ పాజిటివ్‌కు, నల్లది నెగెటివ్‌కు తగిలిస్తే మోగాలి. చెవులు జాగ్రత్త. సైరన్ మీద 20 వాట్లు అని రాసి ఉంటే 20÷12, సుమారు 1.7 ఆంపియర్లు లాగుతుందన్నమాట. మా సైరన్ బొంగురుగా మూలిగింది. విప్పి చూస్తే లోపల బురద నీరు. బిగించినవారు దాని మూతి పైకి పెట్టారు. మూతి కిందికి వాలి ఉండాలి, లేకుంటే వాన నీరు నిలుస్తుంది. ఎగ్జాస్టు గొట్టానికి దూరంగానూ ఉండాలి. దాన్ని పారేసి కొత్తది తెప్పించాం.

ఇక వేలాడుతున్న ప్లగ్గు. ఎర్రది బ్యాటరీకి, నల్లది ఎర్త్‌కు అని చాలామంది రంగు చూసి కలిపేస్తారు. కంపెనీని బట్టి, మేస్త్రీని బట్టి రంగులు మారతాయి, గనుక రంగును నమ్మకండి. మన అదృష్టం కొద్దీ కత్తిరించిన వైర్ల రెండో కొసలు టేపు కింద అలాగే ఉన్నాయి. బ్యాటరీ తిరిగి తగిలించి, కొసలు ఒకదానికొకటి తగలకుండా విడదీసి, ఒక్కొక్కటే మీటరుతో అడిగాను.

ఎప్పుడూ 12 వోల్టులు చూపేది బ్యాటరీ వైరు. తాళం తిప్పితేనే 12 చూపి, స్టార్టరు తిరిగేటప్పుడు కూడా పోనిది ఇగ్నిషన్ వైరు. కొన్ని వైర్లు తాళం తిప్పితే వస్తాయి గాని, స్టార్టరు తిరిగే క్షణంలో పోతాయి. అవి రేడియో వంటి వాటివి. అలారానికి వాటిని కలిపితే స్టార్టు చేసిన ప్రతిసారీ దానికి తిక్క పుడుతుంది. ఎర్త్‌ను పరీక్షించడానికి మీటరు ఒక కొస బ్యాటరీ పాజిటివ్ మీద, రెండో కొస ఎర్త్ వైరు మీద పెట్టాను. బ్యాటరీ దగ్గర వచ్చినంతే రావాలి. వోల్టు తగ్గిందంటే ఎక్కడో తుప్పో, పెయింటో అడ్డం ఉన్నట్టు. ఇక్కడ ఎర్త్ బోల్టు పెయింటు మీదే బిగించి ఉంది. గీకి మెరిసే ఇనుము మీద బిగించాను. మా మేస్త్రీ అనేవారు, కారు కరెంటు జబ్బుల్లో సగం ఎర్త్ జబ్బులేనని. నా లెక్కలో సగం కంటే ఎక్కువే.

తలుపు వైరు దగ్గర ఒక తమాషా ఉంది, పదవ తరగతి వాళ్ళు ఆగి ఆలోచించండి. తలుపు మూసి ఉంటే లోపలి బల్బు వెలగదు. కానీ స్విచ్చు వైరు మీద మీటరు పెడితే 12 వోల్టులు చూపుతుంది. తలుపు తెరిస్తే బల్బు వెలుగుతుంది, ఆ వైరు మీద మాత్రం సున్నా. ఇది తలకిందులుగా ఉందేమిటి? బల్బు ఒక కొస ఎప్పుడూ పాజిటివ్‌కు కలిపే ఉంటుంది, రెండో కొస స్విచ్చుకు వస్తుంది. తలుపు తెరిస్తే స్విచ్చు ఆ కొసను బాడీకి, అనగా ఎర్త్‌కు తగిలిస్తుంది. కరెంటు పారుతుంది, 12 వోల్టులూ బల్బులోనే ఖర్చయిపోతాయి, స్విచ్చు దగ్గర సున్నా మిగులుతుంది. తలుపు మూస్తే కరెంటే పారదు. పారని చోట బల్బులో ఖర్చు లేదు, కాబట్టి ఆ 12 వోల్టులూ స్విచ్చు దగ్గర కాచుకుని కూర్చుంటాయి. అలారం చూసేది ఈ మార్పునే. ఆ వైరు 12 నుంచి సున్నాకు పడిందా, తలుపు తెరిచారు, అరువు! మా కార్లలో ఎక్కువ భాగం ఇట్లా ఎర్త్ తగిలే పద్ధతివే.

ఇండికేటర్ల వైర్లు రెండింటినీ ఒకటిగా కలిపేయకూడదు. అలా చేస్తే కుడివైపు ఇండికేటరు వేసినా ఎడమది కూడా వెలుగుతుంది. రోడ్డు మీద వెనకవాడికి మనం ఎటు తిరుగుతామో తెలియదు. అలారం డబ్బా నుంచి రెండు వేరువేరు వైర్లు వచ్చేది ఇందుకే.

ఫ్యూజు గురించి ఒక మాట

ఇక్కడ నా తప్పొకటి చెప్పుకోవాలి. పని నేర్చుకునే రోజుల్లో ఒక కారుకు ఫ్యూజు పోతే, కొత్తది లేదని రాగి తీగ నాలుగు పోగులు మెలిపెట్టి పెట్టాను. లైట్లు వెలిగాయి, ఓనరు సంతోషించాడు. సాయంత్రానికి అదే కారును తాడు కట్టి లాక్కొచ్చారు. డ్యాష్ బోర్డు కింద వైర్లన్నీ ఒకదానికొకటి కరిగి అంటుకుపోయాయి. దేవుడి దయ వల్ల మంట రాలేదు. మా మేస్త్రీ కొట్టలేదు, తిట్టలేదు. ఆ కాలిన వైర్ల కట్టను నాచేతే మొత్తం విప్పించి, ప్రతి వైరూ కొత్తది వేయించారు. మూడు రోజులు పట్టింది. ఆ వాసన ఇప్పటికీ గుర్తే.

ఫ్యూజు అంటే తెలిసి తెలిసి బలహీనంగా చేసిన తీగ. ఎక్కువ కరెంటు వస్తే ముందు తాను కరిగి మిగతావాటిని కాపాడుతుంది. కార్ల ఫ్యూజులకు రంగులుంటాయి. 5 ఆంపియర్లు లేత గోధుమ, 7.5 ముదురు గోధుమ, 10 ఎరుపు, 15 నీలం, 20 పసుపు, 30 ఆకుపచ్చ. వైర్ల రంగును నమ్మవద్దన్నాను గాని ఈ రంగుల్ని నమ్మవచ్చు, అయినా పైన అంకె చూడండి. అలారం బ్యాటరీ వైరుకు బ్యాటరీకి దగ్గరగా ఫ్యూజు ఉండాలి. దూరంగా పెడితే, బ్యాటరీకీ ఫ్యూజుకూ మధ్య వైరు ఒరుసుకున్నప్పుడు కాపాడేది ఏదీ ఉండదు. తమ్ముడి కారులో అసలు ఫ్యూజే లేదు. హోల్డరులో సిగరెట్టు పెట్టె వెండి కాగితం మడిచి పెట్టి ఉంది. నవ్వొచ్చింది, వెంటనే నా రాగి తీగ గుర్తొచ్చి ఆగిపోయింది.

రిలే

ఆ మెలిపెట్టిన స్టార్టరు వైరు దగ్గరకు వద్దాం. పూర్వం అక్కడ రిలే ఉండేది. రిలే అంటే మీ పుస్తకంలోని విద్యుదయస్కాంతమే. చిన్న తీగచుట్టలో కొద్ది కరెంటు పారిస్తే అది అయస్కాంతమై ఒక నాలుకను లాగుతుంది. ఆ నాలుక పెద్ద కరెంటు దారిని తెరుస్తుంది లేదా మూస్తుంది. చుట్ట నిరోధం 80 ఓమ్‌లు అనుకుంటే 12÷80, అనగా 0.15 ఆంపియర్లు. అంత చిన్న కరెంటుతో 30 ఆంపియర్ల దారిని శాసిస్తుంది. దాని కాళ్ళ మీద అంకెలుంటాయి: 85, 86 చుట్టవి. 30 నాలుక. నాలుక ఊరికే ఉన్నప్పుడు 87ఎ తో కలిసి ఉంటుంది, చుట్టలో కరెంటు పారితే దాన్ని వదిలి 87 మీదకు దూకుతుంది.

స్టార్టరు సన్న వైరును (బ్యాటరీ నుంచి వచ్చే లావు కేబులును కాదు) 30, 87ఎ ల మధ్యగా పంపాలి. మామూలుగా దారి తెరిచే ఉంటుంది. అలారం పెట్టి ఉండగా ఎవరైనా తాళం తిప్పితే చుట్ట పనిచేసి దారి తెగుతుంది, స్టార్టరు తిరగదు. కొందరు మేస్త్రీలు ఇదే రిలేను పెట్రోలు పంపుకో, ఇగ్నిషన్‌కో వేస్తారు, దొంగకు ఇంకా కష్టమని. నేను వేయను. స్టార్టరుకు వేసిన రిలే పాడైతే బండి లేవదు, అంతే. పంపుకు వేసినది పాడైతే నడుస్తున్న బండి ఆగుతుంది. హైదరాబాదు హైవే మీద వెనక లారీ ఉండగా ఆగితే ఏమవుతుందో ఆలోచించండి. వైర్లు కలిపిన ప్రతి చోట మెలిక కాకుండా టంకం వేసి, స్లీవు తొడిగాను.

అబద్ధపు అరుపులు

వైర్లన్నీ కలిశాక రిమోటు నొక్కితే పలకలేదు. సెల్లు మార్చినా పలకలేదు. ఈ రిమోట్లు ఎక్కువగా 433 మెగాహెర్ట్‌జ్ దగ్గర పనిచేసే చిన్న రేడియోలు. డబ్బా తనకు నేర్పిన రిమోటు మాటే వింటుంది. పాత యజమాని రెండు రిమోట్లలో ఒకటి పోగొట్టి, రెండోది వేరే ఎవరిదో ఇచ్చినట్టుంది. డబ్బాకు ఉన్న చిన్న బటను నొక్కి, తాళం నిర్ణీతసార్లు తిప్పి కొత్త రిమోటును నేర్పవచ్చు. ఆ పద్ధతి ఒక్కో కంపెనీది ఒక్కో రకం, కాగితం చూసి చేయాలి. అదే రకం రిమోట్లు రెండు కొని నేర్పించాం. రిమోట్లు దొరక్కపోతే డబ్బాతో కుస్తీ పట్టకుండా కొత్త కిట్టు కొనుక్కోవడమే మేలు.

ఇప్పుడు తెల్లవారుజాము రహస్యం. పగలంతా ఊరుకుని తెల్లవారుజామునే ఎందుకు అరుస్తుంది? బానెట్ స్విచ్చు విప్పితే అంతా తుప్పు. మీటరుతో చూస్తే, నొక్కి ఉంచినప్పుడు దారి పూర్తిగా తెగినట్టే చూపింది. అప్పుడు దాని మీద నాలుగు చుక్కల నీళ్ళు చల్లాను. నిరోధం ధడాలున కొన్ని వందల ఓమ్‌లకు పడిపోయింది. చలికాలం మంచు కురిసి తుప్పు తడిస్తే ఆ తడి గుండా కొద్ది కరెంటు బాడీకి కారుతోంది. డబ్బాకు అది బానెట్ తెరిచినట్టే తోచింది. పొద్దెక్కి తుప్పు ఆరగానే మళ్ళీ బుద్ధిమంతురాలు. మేస్త్రీ దగ్గరకు పగలే తెస్తారు గనుక ఏ మేస్త్రీకీ దొరకలేదు. కొత్త స్విచ్చు చాలా చవక. ఆ చవక వస్తువు కోసం మొత్తం అలారాన్ని చంపేశారు.

షాక్ సెన్సరు మీద చిన్న మర ఉంటుంది, సున్నితత్వం పెంచడానికి, తగ్గించడానికి. అది చివరిదాకా పెంచి ఉంది. మన రోడ్డు మీద కంకర టిప్పర్లు పోతుంటే ఇంట్లో గిన్నెలే కదులుతాయి, ఇక సెన్సరు ఊరుకుంటుందా? కొద్దికొద్దిగా తగ్గిస్తూ, అరచేత్తో అద్దాన్ని తట్టి చూస్తూ సరిచేయాలి. వేలితో తడితే ఊరుకోవాలి, అరచేత్తో గట్టిగా చరిస్తే మోగాలి.

చివరగా, అలారం ఊరికే ఉన్నప్పుడు ఎంత కరెంటు తింటుందో చూశాను. బ్యాటరీ నెగెటివ్ తీసి, మీటరును 10 ఆంపియర్ల సాకెట్లో పెట్టి మధ్యలో కలపాలి. మీటరు అలా ఉండగా తాళం మాత్రం తిప్పకూడదు, స్టార్టరు కరెంటుకు మీటరు ఫ్యూజు పోతుంది. 20 మిల్లీ ఆంపియర్లు వచ్చింది. బ్యాటరీ 35 ఆంపియర్ అవర్లది. 35÷0.02 = 1750 గంటలు, సుమారు 73 రోజులు. అది మొత్తం ఖాళీ కావడానికి పట్టే లెక్క. సగం ఖాళీ అయినా స్టార్టరు మొరాయిస్తుంది. కావున నెల రోజులకు మించి బండి తీయకపోతే నెగెటివ్ విప్పి ఉంచమని తమ్ముడికి చెప్పాను.

ఆ రాత్రి కారును షాపు ముందే పెట్టి, అలారం వేసి, ఇద్దరం అరుగు మీద కూర్చున్నాం. టిప్పర్లు పోయాయి, మైలవరం బస్సు పోయింది, ఊరకుక్క చక్రం దగ్గర తన పని తాను చేసుకుని పోయింది. సైరన్ పలకలేదు. తెల్లవారి నాలుగింటికి మంచు పడ్డాక కూడా పలకలేదు. అప్పుడు తమ్ముడు లేచి వెళ్ళి, కొత్తగా వేయించిన వెనుక అద్దాన్ని అరచేత్తో ఒక్కటి చరిచాడు. ఎదురింటి మామ్మ గారు లేచొచ్చి మమ్మల్ని ఇద్దరినీ కడిగేశారు. తమ్ముడు చాలా రోజుల తరువాత నవ్వాడు. పెళ్ళికి వచ్చిన బంధువుల సెల్ ఫోన్లన్నీ వెతికితే ఆ పెద్దావిడవి మూడు ఫోటోలు దొరికాయి. ఒకటి కొంచెం మసకగా ఉన్నా, వాడు అన్నిటినీ పెద్దవి చేయించి, ఫ్రేము కట్టించి ఇచ్చి వచ్చాడు.

పాత కారు కొనబోయే పూర్వ విద్యార్థులకు రెండు మాటలు. తాళాలు రెండూ, రిమోట్లు రెండూ అడిగి తీసుకోండి. ఫారం 29, 30 సంతకాలు చేయించుకుని ఆర్.సి. మీ పేరుకు మార్పించుకోండి. చట్టం ప్రకారం అదే రాష్ట్రంలో అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో తెలియజేయాలి. ఇన్సూరెన్సు పేరు మార్పుకు కొన్నవారికి 14 రోజులే గడువు. బండి పోయాక పరుగెత్తితే కాగితం ఇంకొకరి పేరున ఉంటుంది.

ఇప్పుడు హాస్టల్లో ఉన్న తమ్ముళ్ళకు ఒక ప్రయోగం, మీ ట్రంకు పెట్టెకే అలారం. 9 వోల్టుల బ్యాటరీ, చిన్న బజరు, డబ్బా మూత నుంచి కత్తిరించిన రెండు రేకు ముక్కలు, రెండు వైర్లు, ఒక అట్ట ముక్క చాలు. బ్యాటరీ నుంచి బజరుకు, బజరు నుంచి ఒక రేకుకు, రెండో రేకు నుంచి తిరిగి బ్యాటరీకి వైర్లు కలపండి. రేకులు రెండూ ఒకదాన్నొకటి ఒత్తుకునేలా వంచి, ఒక చెక్క ముక్క మీద బిగించి, చెక్కను పెట్టె లోపల ఆనించండి. మీ పెట్టె ఇనుముది గనుక రేకులు పెట్టెకు తగలకూడదు. అట్ట ముక్కను దారంతో మూతకు కట్టి రెండు రేకుల మధ్య దూర్చండి. మూత తెరిస్తే అట్ట జారిపోయి, రేకులు కలిసి బజరు మోగాలి. ఆపడానికి అట్టను మళ్ళీ దూర్చడమే. మూత మూసి ఉన్నప్పుడు కూడా మోగుతుంటే అట్ట పక్కకు జరిగిందన్నమాట, లేదా వానాకాలమైతే అట్ట తడిసిందన్నమాట. అట్ట బదులు పాత ఎక్స్‌రే ఫిల్ము ముక్క పెట్టి చూడండి.